గోడపెట్టెకు చెప్పిన మాట

జోగునాయుడు బతికున్నంతకాలం తవిటయ్యను క్షమించడు. ఎవరి అభిప్రాయాలకు ఏ పార్టీ సరిపోతుందో చెప్పే పెట్టెను అతని వంటింటి గోడకు బిగించింది పంచాయతీ ఆఫీసులో పనిచేసే ఆ తవిటయ్యే. ఇప్పుడు ఊళ్ళో పెట్టె లేని ఇల్లు లేదు.

పొద్దున్నే చద్దన్నం తింటుంటే పెట్టె మర్యాదగా అడిగింది: "జోగునాయుడు గారూ, కొత్త రోడ్డుకు రైతు పొలం ఇవ్వొచ్చంటారా?"

గారూ అన్నవాణ్ణి అతను మొదట్నుంచీ నమ్మడు. ఓట్లకొచ్చిన ప్రతివాడికీ "తమకేనండి" అని చెప్పి పంపేసి, తనకు నచ్చినవాడికి గుద్దొచ్చే మనిషి. పెట్టెకూ అదే వరస.

"అయ్యో, ఎందుకివ్వం బాబూ! బేషుగ్గా ఇస్తాం."

"ఏటి మావా, నిజంగా ఇచ్చెత్తావేటి?" అంది భార్య రవణమ్మ.

"నువ్వూరుకోయే. దాన్ని వదిలించుకుంతన్నాను."

తొమ్మిదో రోజున పెట్టె అతని పార్టీ ఏదో తేల్చింది. జన్మలో అతను ఓటెయ్యని పార్టీ, ఆ రోడ్డు వేస్తున్న పార్టీ. మర్నాడు తవిటయ్య, జోగునాయుడు తన పొలం రోడ్డుకిచ్చినట్టు రాసిన కాగితం పట్టుకొచ్చాడు. పెట్టెకు చెప్పిన అభిప్రాయం సంతకంతో సమానమట.

"అది మొహమాటానికన్న మాటరా!"

"పెట్టెకి మొహమాటం తెల్దు, బాబాయ్."

కాలవ కింద అతనికున్నదంతా రోడ్డులో కలిసిపోయింది. ఎకరా ముప్పై రెండు సెంట్లు.