నీటి గీతకు పైన

మరికినా నది ఇళ్ల కప్పుల కింది దాకా వచ్చి వెళ్ళిన ఏడాది అది. క్రిస్మస్ ఇంకా రాలేదు. గిల్మోర్ వీధిలో ఒక కంప్యూటర్ సామాన్ల కొట్టులో ముసలి సెవెరో, రోవెలిన్ తగువు పడుతున్నారు.

"దీన్ని ఎత్తు," అన్నాడు సెవెరో.

"ఎత్తడమేంటి తాతగారూ? ఇది కంప్యూటర్ పెట్టె. బియ్యం బస్తా కాదు."

"ఎత్తు. తల మీదికి."

కౌంటర్ వెనక కొట్టు యజమాని బోయెట్ పొట్ట ఊగేలా నవ్వాడు. "ఏం తాతా, మనవరాల్ని బరువులెత్తే పోటీకి పంపుతున్నావా?"

రోవెలిన్‌కి చెవులు ఎర్రబడ్డాయి. ఆ పెట్టె కోసం ఆమె ఎన్నాళ్ళుగానో చూస్తోంది. పక్కలకు అద్దం. లోపల రంగులు మారే దీపాలు. చెప్పుల అంగట్లో రోజంతా నిలబడి కూడబెట్టింది దీనికోసమే. తక్కువ పడింది ముసలాయన వేస్తానన్నాడు. వేసేవాడు చెప్పినట్టు వినాలి కదా. వంగి ఎత్తింది. ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది.

"వద్దు," అన్నాడు సెవెరో.

జేబులోంచి టేపు తీశాడు. పాదాల కొలతలు తీసే టేపు అది, చివర్లు అరిగిపోయి ఉంది. దాంతో పెట్టె వెడల్పు కొలిచాడు, లోతు కొలిచాడు. తల అడ్డంగా ఊపాడు. తర్వాత ఒక మూల దుమ్ము పట్టి ఉన్న చిన్న నల్ల పెట్టె దగ్గరికి వెళ్ళి దాన్నీ కొలిచాడు.

"దీనికి చెప్పులు కుడతావా తాతా?" అన్నాడు బోయెట్.

సెవెరో టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఇది ఎత్తు," అన్నాడు రోవెలిన్‌తో.

అది తేలిగ్గానే తల మీదికి వెళ్ళింది.

"ఇదే."

"ఇందులో నేననుకున్న గ్రాఫిక్స్ కార్డు పట్టదు!" రోవెలిన్ గొంతు పెరిగింది. "ఆటంతా దాని మీదే నడుస్తుంది. అది లేకపోతే ఇంత ఖర్చు ఎందుకు? పెసో బిళ్ళ వేస్తే కాసేపు కంప్యూటర్ నడిచే అంగడికే పోతాను. ఆట మధ్యలో తెర ఆరిపోతే మళ్ళీ బిళ్ళ వేస్తాను. అలవాటైపోయిందిగా!"

బోయెట్ నవ్వు ఆపాడు. "ఏడవకమ్మా. ఒకే ఫ్యాన్ ఉన్న పొట్టి కార్డుంది. చిప్పు అదే. కాస్త వేడెక్కుతుంది, కాస్త మోత పెడుతుంది."

"బొమ్మ కదులుతుందా?" అన్నాడు సెవెరో.

"పరిగెడుతుంది తాతా."

"అయితే అది వెయ్యి."

పెట్టెలోనూ కార్డులోనూ మిగిలిన డబ్బుకి మెమరీ రెండింతలు వచ్చింది. ముసలాయన బేరం ఆడి ఆడి మౌసు కింద పరిచే గుడ్డ కూడా ఊరికే తీసుకున్నాడు. "మా ఆవిడ చేపల బేరంలో కూడా ఇంత పీడించదు," అని బోయెట్ అక్కడే అన్నీ బిగించి, నడిపించి చూపించాడు.

ఇంటికెళ్ళే జీప్నీ బండిలో పెట్టె రోవెలిన్ ఒళ్ళో ఉంది. ఆమె ముసలాయన వైపు చూడలేదు.

ఆమె ఆయనకు సొంత మనవరాలు కాదు. కొడుకు చేసుకున్న ఆవిడతో వచ్చిన పిల్ల. అది ఎవరూ ఎత్తిచూపలేదు. కానీ వరద వచ్చిన రోజు ఆమెకు గుర్తే. నీళ్ళు గడప దాటుతుంటే తన పాత కంప్యూటర్ని గుండెకు హత్తుకుని, కప్పు దూలాల మధ్యనున్న చిన్న అరకేసి చూసింది. ఆ ఇంట్లో నీరు అందని చోటు అదొక్కటే. అక్కడ చనిపోయిన ఆయన భార్య కొన్చింగ్ ఫోటో ఉంది, ముందు చిన్న దీపం.

"కాసేపు అక్కడ పెడదామా తాతగారూ?"

"అది కొన్చింగ్ చోటు," అన్నాడాయన. అంతే.

అందరూ బడి మేడ మీదికి పోయారు. తిరిగొచ్చేసరికి గోడ మీద నీరు గోధుమరంగు గీత గీసి వెళ్ళింది. అర ఆ గీతకు జానెడు పైన. ఫోటోకి చుక్క తగల్లేదు. కంప్యూటర్లోంచి మాత్రం బురద కారింది. కడిగి ఎండలో పెట్టింది. బతకలేదు.

ఇంటికొచ్చాక కొత్త పెట్టెని బల్ల మీద పెట్టింది. గీతకు బాగా కింద. అన్నం తిని, ఎవరితోనూ మాట్లాడకుండా పడుకుంది.

పొద్దున్నే సుత్తి చప్పుడుకి మెలకువ వచ్చింది. బల్ల ఖాళీగా ఉంది.

"నా కంప్యూటర్!"

సెవెరో స్టూలు మీంచి దిగుతున్నాడు. నల్ల పెట్టె దూలాల మధ్య అరలో కూర్చుని ఉంది. అటూ ఇటూ వేలు దూరే సందు లేదు.

"ఆడేటప్పుడు దించుకో. అయ్యాక ఎత్తి పెట్టు," అన్నాడు. "నది చెప్పి రాదు. అప్పుడు నేనింట్లో ఉండొచ్చు, ఉండకపోవచ్చు. నువ్వొక్కదానివే ఎత్తగలగాలి."

రోవెలిన్ చూపు అర మీంచి కిందికి దిగింది. అప్పుడు చూసింది. ఆయన చెప్పులు కుట్టే పీట పక్కన, గోడకు, మోకాలెత్తులో కొత్త మేకు. దానికి ఫోటో. కింద చిన్న దీపం.

"తాతా... నానమ్మని అంత కింద పెట్టావేం? మళ్ళీ నీళ్ళొస్తే?"

సెవెరో పీట మీద కూర్చున్నాడు. అప్పుడే నోట్లో పెట్టుకున్న చెప్పుల మేకులు చేతిలోకి ఉమ్మాడు.

"దానికి ఈత వచ్చు."