నాడి పట్టే ముందు

ఉపకులపతి గారు రమ్మన్నారని కబురు రాగానే సన్యాసమ్మ మేడం తన గ్లాసూ, గొడుగూ, పాత స్టెతస్కోపూ సంచిలో సర్దేసింది. రోగుల మణికట్టుకి పట్టీలొచ్చి పదిహేనేళ్లయింది. నాడి, జ్వరం, రక్తపోటు అన్నీ అవే చెబుతున్నాయి. ఈవిడ మాత్రం నర్సింగు పిల్లలకి ఇంకా చేత్తో నాడి పట్టడం నేర్పుతోంది. అదీ ముందు అరచేతులు రుద్దుకుని వెచ్చబరచుకున్నాకే. ఆ రుద్దుకోవడం సిలబస్‌లో లేదని ఇప్పటికి మూడు మెమోలు. నాలుగోది ఉద్యోగం ఊడగొట్టేదే అనుకుంది.

"సంచెందుకండీ?" అన్నారు ఉపకులపతి.

"ఎలాగూ పొమ్మంటారు కదండీ. దీనికోసం మళ్లీ మేడెక్కడం ఎందుకని."

ఆయన నవ్వాపుకున్నారు. "ఈ ఏటి ఉత్తమ ఆరోగ్యశాస్త్ర ఆచార్య పురస్కారం మీకేనండి. ఎంపిక చేసింది మేం కాదు, ఆ పట్టీలే. ఎవరు దగ్గరికొస్తే రోగి గుండె దడ తగ్గిందో చూస్తే, అందరూ మీ పిల్లలే."

సన్యాసమ్మ కుర్చీలో కూలబడింది. "అవార్డు సరేనండి. నా క్లాసు ఉంటాదా?"

"వచ్చే ఏడాది నుంచి అందరికీ తప్పనిసరి."

గుండెల మీంచి బండ దిగినట్టు ఊపిరి వదిలిందామె. ఆయన అభినందిస్తూ చెయ్యి చాపారు. అందుకున్నదల్లా ఠక్కున వదిలేసింది. ఏసీ గదిలో ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది.

"ముందు రుద్దుకోండి సార్."

మూడు మెమోల మీదా సంతకం పెట్టిన ఉపకులపతి, బుద్ధిగా అరచేతులు రుద్దుకోసాగారు.