కోసిన పేజీ

“బాప్తిస్మాల రిజిస్టర్ల పేరు లేకుంటే సమాధుల తోటల జాగ ఇయ్యద్దని రూలున్నదమ్మా,” అన్నాడు చర్చి సెక్రటరీ దానియేలు.

నిన్న పోయిన భర్తను పూడ్చడానికి చోటు అడిగేందుకు వచ్చిన సువార్త, బీడీలు చుట్టి అరిగిన వేళ్లతో పేజీలు తిప్పింది. ఒకచోట కాగితం బ్లేడుతో కోసి ఉంది.

“గీడనే ఉండె సారూ. మా ఆయనకూ మీ కొడుక్కూ ఒక్కనాడే బాప్తిస్మమైంది. మీ పిలగాని పేరు కిందనే మా ఆయన పేరు రాసిండ్రు.”

“వాని పేరు గూడ లేదమ్మా.” దానియేలు రిజిస్టరు మూసేశాడు.

“అయ్యో! ఎవడో పాపాత్ముడు మీ పిలగానికి గూడ అన్యాలం జేసిండు సారూ!”

కొడుకు క్రైస్తవుడని బయటపడితే ఎస్సీ కోటా ఉద్యోగం పోతుందని, పోయిన నెల ఆ పేజీ కోసింది దానియేలే. ఉద్యోగం నిలిచినందుకు మొన్న ఆదివారం స్తోత్రకానుక వేసిందీ ఆయనే.