కొట్టులో పాలడబ్బా

"కళ్లు తుడుచుకోండి అత్తయ్యగారూ, చూసేవాళ్లు ఏమనుకుంటారు," అంది పద్మావతి, తన కళ్లు తను తుడుచుకుంటూనే.

అమలాపురం ఆసుపత్రిలో, ఐసీయూ బయట బల్ల మీద కూలబడ్డారు అత్తాకోడళ్లు. లోపల అత్తగారు పైడమ్మ కొడుకు, పద్మావతి మొగుడు కనకరాజు నోట్లో గొట్టంతో, మిషను ఇచ్చే ఊపిరి మీద ఉన్నాడు. న్యుమోనియా. అసలే మంచానికి పట్టని మనిషాయె, అంబులెన్సు ఎక్కించడానికి వీధి వీధంతా తలో చెయ్యీ వెయ్యాల్సొచ్చింది.

"ఒళ్లు తగ్గించండీ అని మొత్తుకున్నాను. కాకరకాయా జొన్నరొట్టే తప్ప ఇంకోటి పెడితే ఒట్టు. పిసరంత తగ్గలేదు. గాలి పీల్చి లావెక్కేరంటారా?"

పైడమ్మ చూపు పక్కకి తిప్పుకుంది. గాలి కాదు మరి, సున్నుండలు. పెరట్లో కొబ్బరికాయల కొట్టులో, గోనెల వెనక, పాలడబ్బాలో పోసి దాచేది. జెర్రులకి జడిసి కోడలు ఆ గుమ్మం తొక్కదు. కొడుకేమో కాయలు చూసొస్తానని రోజూ దూరేవాడు. ఎంత తిన్నా ఆ డబ్బా అడుగు కనబడేది కాదు. అంతా తన చేతి చలవే అనుకునేది పైడమ్మ.

ఒక్కోసారి వాడు, "యాలకులు వేసేవేంటమ్మా, అదిరింది," అనేవాడు. పుట్టి బుద్ధెరిగాక సున్నుండలో యాలకులు వేసిన మనిషి కాదావిడ. కాకరకాయ తినీ తినీ పిల్లోడి నాలిక చెడిపోయిందని జాలేసి, మరో గరిటెడు నెయ్యి పోసేది.

ఆ నెయ్యే కొడుకు ప్రాణం మీదికి తెచ్చిందా?

తలుపు తెరుచుకుంది. డాక్టరుగారు వచ్చేరు.

"గొట్టం తీసేశామమ్మా. సొంతంగా ఊపిరి తీసుకుంటున్నాడు."

"ఆయ్," అన్నారిద్దరూ. లేచినవాళ్లు లేచినట్టే మళ్లీ కూర్చుండిపోయేరు.

"ఆ ఒళ్లే కాసిందేమో కూడా. మిషను మీద మనిషి ఇట్టే కరిగిపోతాడు. సన్నగా ఉన్నవాళ్లకి కరగడానికేముంటుంది? కాస్త ఒళ్లున్నవాళ్లు గట్టెక్కడం చూస్తుంటాం. ఎందుకో గట్టిగా చెప్పలేం. అలాగని ఇంకా పెంచకండి."

ఆ ఆఖరి మాట పైడమ్మ చెవిని పడితేగా.

"నేనే మేపేనండి డాక్టరుగారూ. కొట్టులో సున్నుండలు దాచి, ఈ పిల్లకి తెలీకుండా. ఆ ఒళ్లు నాదేనండి."

డాక్టరు వెనకే వచ్చిన నర్సు శారోన్ నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది. హాల్లో కూర్చున్న మిగతా రోగుల తాలూకు జనమంతా ఘొల్లున నవ్వేరు. పద్మావతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది. ఏడుపో నవ్వో తెలీడం లేదు.

"తిట్టవే, నీ కసి తీరా తిట్టు. ఇంటికెళ్లి మినుములు వేయిస్తాను. వాడికి కాదులే, ఈ హాలందరికీ పంచడానికి. ఒక్కదాన్నే విసరలేను, నువ్వూ ఓ చెయ్యి వెయ్యాలి."

పద్మావతి కొంగు తీసి, అత్తగారి చెవి దగ్గరికి వంగింది.

"అలాగేనండి, నా వంతు ఉండల్లో ఎప్పట్లాగే యాలకులు వేస్తాను."