ఒక్క వైరు

హిందూపురం నుంచి ధర్మవరం పోతుంటే, పెనుకొండ ఇంకా రెండు కిలోమీటర్లుందనగా పెట్రోలు జీపు ఆగిపోయింది. హేమావతి తాళంచెవి తిప్పింది. స్టార్టరు ఒకసారి మూలిగి ఊరుకుంది. ముందు వంతెన పని జరుగుతోంది. ముప్పావు గంటగా బండ్ల వరుసలో ఇంజను ఆపుతూ, స్టార్ట్ చేస్తూ, మెల్లగా జరుపుకుంటూ వచ్చింది. ఇప్పుడు వరుస కదిలింది, జీపు కదలలేదు.

ధర్మవరంలో డాక్టరు పన్నెండు వరకే ఉంటాడు. బెంగళూరు నుంచి నెలకొకసారి వచ్చే మనిషి. నాయనను చూపించడానికి ఆమె ఈరోజు కోసం రెండు నెలలు ఎదురుచూసింది.

పక్క సీట్లో ఉన్న నాయన శంకరప్ప ఇంకెంత దూరమని మూడోసారి అడిగాడు. హేమావతి మూడోసారీ చెప్పింది.

వెనక లారీవాళ్లు దిగి జీపును పక్కకు తోశారు. ఆమె ఫోన్ చేసి పిలిపిస్తే, మెకానిక్ నరేష్ బైకు మీద బ్యాటరీ పెట్టుకొని వచ్చేసరికి గంట పట్టింది. అతను బానెట్ ఎత్తగానే శంకరప్ప కూడా దిగి తొంగిచూశాడు. బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ నుంచి దానికి ఒక్కటే వైరు ఉండటం చూసి ఆయనకు కోపం వచ్చింది.

"ఎవడబ్బా దీన్ని బిగించింది? ఒక్క వైరుతో వదిలిపెట్టినాడు. హిందూపురంలో పని తెలిసినోడే లేడా?"

హేమావతి నాయన నుదుటి మీది చెమట తుడిచింది.

వైరు సరిగ్గానే ఉందన్నాడు నరేష్. పాత బండ్లకు డైనమో తీసేసి ఈ రకం వేస్తారనీ, దీనికి ఒక్క వైరే ఉంటుందనీ చెప్పాడు. కాకపోతే ఇంజను స్టార్ట్ చేసిన ప్రతిసారీ యాక్సిలరేటర్ తొక్కి ఒకసారి గట్టిగా రేస్ ఇవ్వాలి, అప్పుడే చార్జింగ్ మొదలవుతుంది.

"బిగించినాయన ఈ మాట చెప్పలేదా అక్కా?"

"ఇంతకుముందు రెండుసార్లు ఇట్లే నిలిచిపోయింది. ఎన్నిసార్లు అడిగినా ఆయన చెప్పలేదప్పా."

"పని మాత్రం శానా బాగా చేసినాడు," అన్నాడు నరేష్. "దీన్ని నిలబెట్టిన ఈ బ్రాకెట్ చూడు, చేత్తో కోసి, ఆకురాయితో అరగదీసి కూర్చినాడు. ఇట్లా చేసేటోళ్లు ఇప్పుడు యాడుండారు?"

శంకరప్ప వంగి బ్రాకెట్ అంచును వేలితో తడిమాడు. ఆయన కోపం దిగిపోయింది.

ఇంజను స్టార్టయ్యేసరికి పన్నెండుకు పది నిమిషాలుంది. హేమావతి ఆస్పత్రికి ఫోన్ చేసి బతిమాలింది. డాక్టరు గారు బయల్దేరుతున్నారు, వచ్చే నెల రమ్మన్నారు అని అవతల నుంచి జవాబొచ్చింది. ఆమె గట్టిగా రేస్ ఇచ్చి, జీపును హిందూపురం వైపు తిప్పింది.

"ఊరికి పోయినాక ఆ మేస్త్రిని నాకొకసారి చూపియ్యమ్మా," అన్నాడు శంకరప్ప. "మంచి పనోడు. తెలియక తిట్టినాను."

"అట్లే నాయనా," అంది హేమావతి.

ఆ ఆల్టర్నేటర్‌ను తన చేతులతో బిగించింది శంకరప్పే.