అద్దం వెనక రాణి

తొంభై ఆరులో, బహ్రెయిన్‌లో జరిగింది. జగిత్యాలలో తల్లి చావుబతుకుల్లో ఉందని, ఇంటికి పంపమని పనిమనిషి లుబ్నా కాళ్లావేళ్లా పడింది. కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, వినలేదు. రిఫాలోని విల్లాకు బయటి నుంచి తాళం వేసి, కుటుంబంతో పెళ్లికి పోయాడు.

చీకటి పడింది. లుబ్నా పళ్లు కొరుకుతూ హాల్లోని అద్దం బిగించిన నిలువెత్తు పటం తుడుస్తోంది. పటంలో ఒక రాణి. పరాయి దేశం నుంచి కోడలిగా వచ్చిందట. తమ శాఖ కాదు, కేథలిక్ క్రైస్తవురాలని మెట్టినింటివాళ్లు ఆమెను ఏవగించుకున్నారట. పుట్టిల్లు మళ్లీ చూడనేలేదట. యజమానురాలు చుట్టాలకు చెబుతుంటే లుబ్నా విన్నది.

"అంత రాణివై ఉండి నోరెందుకు మూసుకున్నవమ్మా?" అని కసిరింది.

రాణి పెదవుల దగ్గర అద్దానికి ఆవిరి పట్టింది. లుబ్నా తుడిచింది. పోలేదు. గట్టిగా రుద్దింది. ఆవిరి లోపలి వైపున ఉంది.

ఏసీ ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఎవరో గోటితో అద్దాన్ని తట్టారు.

లుబ్నా ఒక అడుగు వెనక్కి వేసింది. కోపం మాత్రం చల్లారలేదు. వంటింట్లోంచి ఇనుప రోకలి తెచ్చి ఎత్తింది.

"జర పక్కకు జరుగమ్మా. పగలగొడుతున్న."

అద్దం వెనక పట్టుబట్టలు గరగరలాడుతూ పక్కకు జరిగాయి.