చేతిమీద అంకెలు

నరసాపురం రేవులో ఐసు పెట్టె దింపుతూ జీవరాజు కాలు జారాడు. తల వెళ్ళి రాతిమెట్టుకు తగిలింది.

రెండు నిమిషాల్లో తనే లేచి కూర్చున్నాడు. ఏమీ కాలేదన్నాడు. తల దిమ్ముగా ఉందంటూనే చేపలకు ఐసు వెయ్యమని పురమాయించి, పాకలో పడుకుని గురకపెట్టాడు.

భార్య నూకరత్నం గుండె కుదుటపడింది. వేట నుంచి వచ్చిన మనిషి, కాసేపు పడుకోనివ్వమని అందరూ అన్నారు.

అప్పుడొచ్చాడు వాడు. మాసిన లుంగీ, తలకు తువ్వాలు. ఎడమకాలు ఈడుస్తూ నడుస్తున్నాడు. పొద్దున్నే తాగొచ్చాడని రత్నానికి ఒళ్ళు మండింది.

ఎవరూ అడక్కుండానే జీవరాజు మణికట్టు పట్టుకుని, ఫోన్లో టైము చూస్తూ లెక్కపెట్టాడు. పెన్ను తీసి ఆ చేతిమీదే ఏదో రాశాడు. పావుగంట ఆగి మళ్ళీ లెక్కపెట్టి, మళ్ళీ రాశాడు. వాడి కన్ను జీవరాజు చేతి వెండి కడియం మీదే ఉందనుకుంది రత్నం.

"ఇది నిద్ర... కాదమ్మా," అన్నాడు ముద్దముద్దగా. "నాడి... తగ్గిపోతోంది. పెద్దాసుపత్రికి... ఇప్పుడే."

"గుండె నిదానంగా కొట్టుకుంటే మంచిదేగా. నువ్వెళ్ళి పడుకోవయ్యా," అంది రత్నం.

వాడు కదల్లేదు. మూడోసారి పెన్ను తీసి టైము రాసేసరికి రత్నం తమ్ముడు వీరబాబు మెడపట్టి గెంటాడు. తువ్వాలు ఊడింది. తలకు కుడివైపు అరచెయ్యంత గుంట. రత్నం మొహం తిప్పుకుంది.

గంట గడిచింది. జీవరాజు గురక ఆగింది. ఊపిరి కాసేపు నిలిచి, గబగబా వచ్చి, మళ్ళీ నిలిచింది. అప్పుడు పెద్దాసుపత్రికి పరుగెత్తారు.

మధ్యాహ్నానికి జీవరాజు పోయాడు.

డాక్టరమ్మ అతని చెయ్యి తిప్పి చూసింది. 8.10కి 58. 8.25కి 46. 8.40 పక్కన అంకె లేదు.

పుర్రెలో నెత్తురు చేరి మెదడును నొక్కేసిందని చెప్పింది. ఆ ఒత్తిడి పెరిగేకొద్దీ బీపీ పైకి పోతుంది, నాడి కిందికి దిగుతుంది, ఆఖరికి ఊపిరి తడబడుతుంది. రెండో అంకె దగ్గర బయల్దేరి ఉంటే బతికేవాడేమో అంది.

"ఇవి ఎవరు రాశారమ్మా?"

"ఎవడో తాగుబోతండి. కాలీడుస్తాడు. తలలో ఇంత గుంట," అంది రత్నం.

డాక్టరమ్మ జీవరాజు చెయ్యి మెల్లగా కింద పెట్టింది.

"ఆయన తాగరమ్మా. త్రిమూర్తులుగారు ఈ వార్డులోనే పద్దెనిమిదేళ్ళు నర్సుగా చేశారు. పోయినేడు ఆయన తలకే దెబ్బ తగిలితే పుర్రెముక్క తీసేశారు, ఆ నడక, ఆ మాట అప్పట్నించి అలాగే ఉండిపోయాయి."